గొలుసు గాడి

ఆ మూడు రోజులు నా పడవ ఒడ్డున ఆగలే.
సిరొంచ రేవు నుంచి కొంగల తిప్పకు
బీడీ ముట్టిస్తే అయిపోయేంత దూరం.

చాందా నుంచి వచ్చిన మేడం మొదటి నాడే
"ఈ డోంగా నీదేనా?" అని అడిగింది.
"దొంగను కాదమ్మా, జాడి రాజబాపును" అన్న.
పడవంతా నవ్వింది.
ఎందుకు నవ్విన్రో ఆమెకు తెలిసేసరికి
తిప్ప వచ్చింది.

ఏం మోసినవంటే చెప్త:
పసిపిల్లల లెక్క గుడ్డలల్ల చుట్టిన రాళ్లు,
మూతికి సంచి కట్టిన దుర్భిణి,
రెండు బస్తాల ఉల్లిగడ్డ,
ఒక చక్రాల కుర్చీ, దాంట్ల కుడ్మెత జైవంతి, ఏడో తరగతి.
నీళ్లల్ల చెయ్యి పెట్టి
"ఇవి వార్ధా నీళ్లా, వైన్‌గంగ నీళ్లా?" అని
నాకు పరీక్ష పెట్టింది.
నాకేం తెల్సు బిడ్డా,
రెండూ కలిసినంకనే నేను పుట్టిన.

ఇసుకల చక్రం దిగబడుతదని
మేదరి పోశాలు ముందునాడే వెదురు తడకలు పరిచిండు,
ఒడ్డు నుంచి డేరా దాకా, డేరా నుంచి దుర్భిణి దాకా.
వాటి మీద ఆ పిల్ల టకటక పోతుంటే
కాళ్లున్నోళ్లం మేం
ఇసుకల ఈడ్చుకుంట ఎనుక.

ప్రతి రాయి కింద పలక.
మరాఠీ, తెలుగు, గోండి,
నాలుగోది గుడ్డోళ్లు చదివే చుక్కల రాత.
చదువురాని నాకు నాలుగూ ఒకటే.
చుక్కలదాన్నైతే
ముట్టుకోనన్నా ముట్టుకున్న.

సడువలికి వినపడదు, మాట రాదు.
చేన్ల రాతిగొడ్డలి దొరికింది వానికే.
అది ఎట్ల చెక్కిన్రో చేతులతోటి చూపిండు:
రాయి మీద రాయి.
పెచ్చు లేచింది.
అంచు చూసుకోబోయి వేలు తెంపుకున్నడు, నోట్లె పెట్టుకున్నడు.
డేరాల పిల్లలందరు స్స్ అన్నరు.
మైకు పట్టుకున్న సారు ఏదో చెప్పబోయి ఊకున్నడు.

తర్వాత ఎముక.
రాయో ఎముకో తేలకపోతే నాలుకకు ఆనించాలె,
ఎముకైతే అంటుకుంటది, అన్నది మేడం.
ఎవరూ కదలలే.
చూపు లేని ఆత్రం భీంబాయి లేచి
నాలుక చాపింది.
అంటుకుంది.
కాసేపు అట్లనే నిలబడ్డది.
తీసి, "ఉప్పు లేదు" అన్నది గోండిల.
కోట్ల ఏండ్ల లెక్క చెప్పబోతున్న మేడం
ముందు ఆ మాట రాసుకున్నది.

రాత్రి జైవంతి కోసం దుర్భిణి కాళ్లు పొట్టి చేసిన్రు.
శని కనబడ్డడు, చుట్టూ కడియంతోటి.
మరి అవ్వకెట్ల?
పిల్ల బస్తాల నుంచి ఉల్లిగడ్డ తీసింది,
తన గాజు తీసి దాని చుట్టూ పట్టింది.
గాజు తగలకుంట నడుమ ఆపనీకి
ఇంకో చెయ్యి కావాల్సొచ్చింది, నాది.
అవ్వ వేలు గాజు మీద తిరిగింది, సందుల దూరింది.
"యాడా ముట్టదా?"
"ముట్టదవ్వా."
"మరి ఎవరు పట్టుకున్నరు?"
మేడం దగ్గర జవాబున్నది, శాన పొడుగు.
భీంబాయి అంతా విన్నది.
ఉల్లిగడ్డ మాత్రం మళ్ల ఇయ్యలే.

ఆఖరు నాడు సిరొంచ రేవుల సామాను దించుతుంటే
మేడం నా కట్టురాయి ముందట మోకాళ్ల మీద కూసున్నది.
"ఇది చెట్టు," అన్నది, "రాయైన చెట్టు."
మంచిదే కదా,
పడవను ఎవరన్నా చెట్టుకే కడతరు.
తీస్కపోతరా అని అడిగిన.
తలూపింది, లేదని.
పొడుగు కొలిచింది, లోపలి గీతలు లెక్కవెట్టింది,
ఒక్కకాడ వేలు ఆగింది.
"ఈ గాడి చెట్టుది కాదే?"
గొలుసుది, అన్న. మా నాయనది.
స్కేలు పెట్టింది. గోటి మందం.
పేరడిగి రాసుకున్నది, జాడి లస్మయ్య.
కోట్ల అంకెల కింద, అదే కాగితం మీద,
అరవై ఏండ్లు.

వానలకు తిప్ప మునుగుతది.
పోశాలు తడకలు కోళ్లగూటికి పనికొచ్చినయ్.
పొద్దుగూకినంక నేను గొలుసు తీస్కొని రేవుకు దిగిన,
గాడిల వేసిన.
రోజూ ఇసిరి కొట్టేటోన్ని,
ఇయ్యాల చిన్నగ.